హాలు గోడకు మోల్డింగు, సింహద్వారానికి అమ్మమ్మగారి పలక: సలహా కావాలి

పెరటి జామ
జూన్ 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయవాడలో మాది తొమ్మిదేళ్ళ పాత ఫ్లాటు. దసరాలోపు రంగులు వేయించాలి. పనిలో పనిగా రెండు కోరికలు తీర్చుకోవాలని ఉంది.

ఒకటి, హాలులో సోఫా వెనుక గోడకు మోల్డింగ్ పట్టీలతో పెట్టెలు, అంటే ఫొటో ఫ్రేముల్లాంటి ఖాళీ చట్రాలు, కట్టించడం. గోడ పొడవు 14 అడుగులు, ఎత్తు 9 అడుగుల 6 అంగుళాలు. రంగుల కాంట్రాక్టరు ఫోనులో బొమ్మలు చూపించి, థర్మోకోల్ జాతి పట్టీలు, తేలిక, రెండు రోజుల్లో అయిపోతుంది అంటున్నాడు. మా వడ్రంగి మాత్రం టేకు బీడింగే వేయాలంటాడు. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసే పలక) పేరెత్తితే ముఖం చిట్లిస్తాడు.

రెండోది నాకు అసలు సంగతి. తణుకు దగ్గర మా అమ్మమ్మగారి మండువా ఇల్లు నిరుడు పడగొట్టారు. సింహద్వారం పైన ఉండే నగిషీ పలక ఒక్కటి నేను తెచ్చుకున్నాను. మధ్యలో గజలక్ష్మి, అటూ ఇటూ లతలు, చివర చిలకలు. పొడవు 50 అంగుళాలు, వెడల్పు 10, మందం అంగుళంన్నర. మా ఫ్లాటు ద్వారబంధం బయటి కొలత 42 అంగుళాలే. అటు నాలుగు, ఇటు నాలుగు కోసేస్తే సరిపోతుంది అంటున్నాడు వడ్రంగి. కోస్తే చిలకల తోకలు పోతాయి. ప్రస్తుతం పలక దుప్పట్లో చుట్టి మంచం కింద ఉంది. ఏం చేయమంటారు?

మూడో అంతస్తు
జూన్ 8, రాత్రి 10:05

కోయకండి. దయచేసి కోయకండి. ముందు ఫొటో పెట్టండి.

పెరటి జామ
జూన్ 8, రాత్రి 10:22

పెట్టాను. ఆకుపచ్చ ఎనామిల్ రంగు నాలుగైదు పొరలుంది, దాని మీద దీపం మసి. ఎడమ చిలక ముక్కు మా మేనమామ చిన్నప్పటి క్రికెట్ బంతి పుణ్యం.

ఉలిదెబ్బ
జూన్ 9, ఉదయం 6:15

పెరటి జామ గారూ, మా నాన్నగారు రాజమండ్రిలో ద్వారబంధాలు చేసేవారు. ఆయన దగ్గర పదేళ్ళు చిత్రిక పట్టాను. తరువాత ఇరవై ఏళ్ళుగా ఫ్లాట్లలో చెక్క పనులు చేయిస్తున్నాను. మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దాని లెక్క మీ మాటల్లోనే ఉంది.

ద్వారబంధం 42, పలక 50. తేడా 8. ఆ ఎనిమిదీ పలకలోంచి తీసేద్దామన్నాడు మీ వడ్రంగి. నేనైతే ఆ ఎనిమిదీ ద్వారబంధానికి కలుపుతాను.

మీ ద్వారబంధానికీ గోడకూ మధ్య నిలువునా సన్నని బీట ఉందా? తొమ్మిదేళ్ళ ఫ్లాటు కాబట్టి ఉండే ఉంటుంది. రంగు వేసిన ప్రతిసారీ లప్పంతో పూడుస్తారు, ఏడాది తిరిగేసరికి మళ్ళీ కనిపిస్తుంది. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుంటుంది. సిమెంటు పూత దానితోపాటు కదలదు. అక్కడ లప్పం నిలవదు. తలుపుల చుట్టూ పట్టీ వేయడం మొదలైంది ఆ సందు కప్పడానికే, సోకు తరువాత వచ్చి చేరింది. స్కర్టింగ్ కూడా అంతే, తడిగుడ్డ దెబ్బకు గోడ అడుగు పాడవకుండా వచ్చిన పట్టీ.

కాబట్టి ద్వారబంధానికి రెండు వైపులా నాలుగున్నర అంగుళాల వెడల్పు, ముప్పాతిక అంగుళం మందం ఉన్న టేకు పట్టీలు నిలువుగా వేయించండి. అర అంగుళం చట్రం మీద కూర్చోవాలి, నాలుగు అంగుళాలు గోడ మీదికి రావాలి. బీట దాని కిందికి పోతుంది. ఇప్పుడు మొత్తం వెడల్పు కొలవండి: 42, దానికి నాలుగు, ఇంకో నాలుగు. మీ పలక వచ్చి ఆ రెండు పట్టీల తలల మీద కూర్చుంటుంది. చిలకల తోకలు ఎక్కడికీ పోవు.

రెండు జాగ్రత్తలు. చట్రం మొత్తాన్ని పట్టీతో కప్పేయనివ్వకండి. అర అంగుళమే ఎక్కి, మిగిలిన చట్రం మెట్టులా లోపలికి కనిపిస్తూ ఉండాలి. అంచుకు అంచు కలిపి వేస్తే ఏ చిన్న వంకరైనా బయటపడుతుంది. మెట్టు ఉంటే నీడ పడి, సూతు తేడా ఉన్నా కంటికి ఆనదు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మా పనిలో అదే కొలత. ఇక పట్టీ అడుగు నేలకు ఆనకూడదు. గుమ్మం కడిగిన నీళ్ళు కోసిన చెక్క మొనలోంచి పైకి పీలుస్తుంది. కింద ఐదారు అంగుళాల గ్రానైట్ ముక్క పెట్టించి దాని మీద పట్టీ నిలబెట్టండి, మొనకు రెండు పూతలు పాలిష్ ముందే పట్టించండి.

గోడ పెట్టెల గురించి సాయంత్రం రాస్తాను, పనికి వెళ్ళాలి.

పెరటి జామ
జూన్ 9, ఉదయం 7:02

బీట ఉందండీ! తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, మా బిల్డర్‌ను తిట్టుకుంటున్నాను. ఈ లెక్క నాకు ఎందుకు తట్టలేదో! కానీ ఒక చిక్కు. కాలింగ్ బెల్ స్విచ్చు ద్వారబంధానికి సరిగ్గా మూడు అంగుళాల దూరంలో ఉంది.

మూడో అంతస్తు
జూన్ 9, ఉదయం 7:30

బెల్ జరపడం ఒక పూట పని. పలక కోస్తే తిరిగి అతకదు. అన్నట్టు ఫ్లాటు తలుపు బయటి వైపు మార్పులకు సంఘం అనుమతి అడిగారా? మా అపార్ట్‌మెంటులో తలుపు బయట షూ ర్యాకు పెట్టినందుకు మూడు సమావేశాలు జరిగాయి.

వంటింటి కిటికీ
జూన్ 9, ఉదయం 11:10

అమ్మా పెరటి జామా, పలక గురించి పెద్దవాళ్ళు బాగా చెప్పారు. నేను గడప గురించి చెబుతాను. ద్వారబంధానికి కొత్త పట్టీలు వేసి మెరిసే పాలిష్ పెట్టించి, శుక్రవారం గడపకు పసుపు రాసి చూడు, నెల తిరిగేసరికి పాలిష్ మీద పసుపు చారికలు పాకుతాయి. ఎంత తుడిచినా పోవు. మా ఇంట్లో గడపకు మాత్రం పాలిష్ వద్దన్నాను. పసుపు రంగు ఎనామిల్ వేయించి, ముగ్గు కూడా తెల్ల రంగుతో వేయించాను. పండగలకు అసలు పసుపు దాని మీదే రాస్తాను. కడిగితే పోతుంది. కొందరు గడపకు ఇత్తడి రేకు తొడిగిస్తున్నారు, అదీ బాగుంటుంది కానీ రేకు కింద నీళ్ళు చేరితే లోపల చెక్క నానుతుంది, తెలియదు.

ఉలిదెబ్బ
జూన్ 9, రాత్రి 8:50

వంటింటి కిటికీ అమ్మగారి మాట వినండి. నేను పాలిష్ పట్టించిన గడపల్లో సగం మీద ఆ చారికలున్నాయి.

ఇక గోడ. రంగు వేసి దాచేసే చోట టేకు ఎందుకు? మీ వడ్రంగికి చెక్క మీద ప్రేమ, తప్పు లేదు, కానీ ఆ డబ్బు ద్వారానికి పెట్టండి. ఎండీఎఫ్ మీద రంగు అద్దంలా కూర్చుంటుంది, పొడి గోడకు బంగారం. ఒకసారి నీళ్ళు తాగితే మాత్రం అటుకుల్లా ఉబ్బుతుంది, మళ్ళీ దిగదు. మీ సోఫా గోడకు అవతల ఏముంది? బాత్రూము ఉంటే ఎండీఎఫ్ మాట మరచిపోండి.

థర్మోకోల్ జాతి పట్టీలు రెండు రకాలు. ఒకటి నిజంగా థర్మోకోల్‌లా తెల్లగా, గోరుతో నొక్కితే గుంట పడేది. రెండోది అదే పాలీస్టైరిన్‌తో గట్టిగా, దట్టంగా పోసినది. గోరుకు లొంగదు, నీళ్ళకు ఉబ్బదు, చెదలు తినవు. మీకు కావలసింది అది. కాంట్రాక్టరు తెచ్చిన ముక్కను గోరుతో నొక్కి చూడండి, ఏ రకమో అక్కడే తేలిపోతుంది. దాన్ని అంటించడానికి ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగురు తెస్తే వెనక్కి పంపండి. ఆ జిగురులోని ద్రావకానికి పాలీస్టైరిన్ కరుగుతుంది. పూజ గూటి చుట్టూ కూడా ఈ పట్టీలు వద్దు. దీపం సెగకు మెత్తబడి వంకర్లు పోతాయి, నిప్పు తగిలితే అంటుకుంటాయి. అక్కడ చెక్కో రాయో వాడండి.

లెక్కల పంతులు
జూన్ 10, ఉదయం 9:00

గోడకు పెట్టెల లెక్క నాకు వదిలేయండి. 14 అడుగులంటే 168 అంగుళాలు. పెట్టెలు బేసి సంఖ్యలో ఉంటే సోఫా మధ్యకు ఒకటి వస్తుంది, కాబట్టి మూడు. మూడు పెట్టెలకు సందులు నాలుగు, ఒక్కోటి 6 అంగుళాలు. 168లో 24 తీస్తే 144, మూడింటికి 48 చొప్పున. ఎంత చక్కగా వచ్చిందో చూడండి.

నిలువులో: నేల నుంచి 34 అంగుళాల ఎత్తున రెండంగుళాల అడ్డపట్టీ. దాని కింద, స్కర్టింగ్ 4 అంగుళాలు పోగా మిగిలింది 30. పైనా కిందా 5 వదిలితే చిన్న పెట్టె ఎత్తు 20. పైన, కార్నిస్‌కు (గోడా సీలింగూ కలిసే చోటి పట్టీకి) 4 తీసేస్తే 74, అందులో పైనా కిందా 6 వదిలితే పెద్ద పెట్టె 62. పట్టీలు 8 అడుగులవి దొరుకుతాయి, ఒక్కో దానిలో 48 అంగుళాల ముక్కలు సరిగ్గా రెండు.

ఉలిదెబ్బ
జూన్ 10, రాత్రి 9:15

పంతులుగారూ, లెక్క ముత్యంలా ఉంది కానీ రంపం పన్ను తినే వాటా మరిచారు. 96 అంగుళాల పట్టీలో 48వి రెండు రావు. మూలలకు 45 డిగ్రీల్లో కోయాలి, ఒక్కో కోతకు రంపం సూతు మింగుతుంది, పట్టీ చివర్లు కూడా రవాణాలో నలిగి ఉంటాయి. రెండో ముక్క 47 ముప్పాతిక దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ప్రతి పెట్టెకూ ఒక కొత్త పట్టీ తెరవాలి, సగం చెత్తబుట్టకు.

పెట్టె 47 చేయండి. మూడు 47లు 141, మిగిలిన 27ను నాలుగు సందులకు పంచితే ఆరుముప్పాతిక. గోడ మీద ఎవరికీ తేడా తెలియదు. అడ్డం ముక్కలు మొత్తం 12, ఆరు పట్టీల్లో వచ్చేస్తాయి. పెద్ద పెట్టెల నిలువు ముక్కలు 62వి ఆరు, మరో ఆరు పట్టీలు. ఒక్కో దానిలో మిగిలే 34 అంగుళాల తుంటలోంచి చిన్న పెట్టె నిలువు ముక్క 20ది వస్తుంది. మొత్తం 12 పట్టీలు. అడ్డపట్టీకి వేరే రకం రెండు. చేయి తప్పినా పని ఆగకుండా చెరొకటి అదనంగా కొనండి.

లెక్కల పంతులు
జూన్ 10, రాత్రి 9:31

ముప్పై ఏళ్ళు పిల్లల చేత ‘వృథా అయినది ఎంత’ అనే లెక్కలు చేయించినవాణ్ణి. ఒప్పుకున్నాను.

సముద్రపు గాలి
జూన్ 11, మధ్యాహ్నం 2:20

విశాఖలో నా అనుభవం చెబుతాను, మీకు డబ్బు మిగులుతుంది. రెండేళ్ళ కిందట ఇలాంటి పట్టీలే పడకగది గోడకు వేయించాను. వేసినవాళ్ళు పాత రంగు మీదే జిగురు పెట్టి నొక్కి వెళ్ళిపోయారు. చూడముచ్చటగా ఉంది. ఆగస్టులో ఒక అర్ధరాత్రి టప్పుమని చప్పుడు. లేచి చూస్తే పై పట్టీ మంచం మీద పడి ఉంది. దాని వెనుక జిగురు చెక్కుచెదరలేదు. జిగురుకు అంటుకుని గోడ లప్పం చేయెడంత పెచ్చు ఊడి వచ్చింది. జిగురు గట్టిది, గోడ పైపొర ఓటిది. అది బయటి గోడ, పడమర వాన నేరుగా కొడుతుంది. లోపల చెమ్మ చేరి లప్పం అప్పటికే గుల్లబారింది.

ఇప్పుడు ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. పట్టీ వచ్చే గీత వెంబడి వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్ళండి. బోలు చప్పుడు వచ్చినచోట గీకేసి మళ్ళీ లప్పం పెట్టించాలి. గోడ మీద ఉప్పు తెల్లగా పొంగి ఉంటే ముందు ఆ చెమ్మ ఎక్కడిదో చూడాలి, మోల్డింగు తరువాతి సంగతి. రంగు నున్నగా ఉంటే గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ఆ తరువాతే జిగురు.

గచ్చుపూత
జూన్ 11, సాయంత్రం 6:45

అందరూ పట్టీలు కొనే మాటే మాట్లాడుతున్నారు. కార్నిస్ వరకైనా పీవోపీతో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో) గోడ మీదే పోయించుకోవచ్చు కదా? హైదరాబాదులో ఈ పని చేతిలో ఉన్న మేస్త్రీలు ఇంకా ఉన్నారు. రేకును కావలసిన వంపుకు కత్తిరించి చెక్కకు బిగిస్తారు, దాన్ని ఫర్మా అంటారు. గోడకు గైడు పట్టీ కొట్టి, తడి పీవోపీ వేస్తూ ఫర్మాను ఒకే ఊపున లాగుకుంటూ పోతారు. ఐదారు సార్లు లాగేసరికి అంచులు కత్తిలా తేలతాయి. నీళ్ళు కలిపిన పదిహేను నిమిషాల్లోపు పీవోపీ బిగుసుకుపోతుంది, కాబట్టి మేస్త్రీ మాట్లాడడు, మనమూ పలకరించకూడదు. అతుకులు ఉండవు, మూలలు ఏ కోణంలో ఉన్నా గోడను బట్టే కుదురుతాయి. నీళ్ళు తగిలే చోట మాత్రం వద్దు.

ఆ చేతి పని ఎంత దూరం వెళ్ళగలదో చూడాలంటే హైదరాబాదు పీసల్‌బండలో నిజాముల నాటి పైగా వంశపు ప్రభువుల సమాధులకు వెళ్ళండి. గోడల మీదా కమానుల మీదా సున్నపు గచ్చుతో చేసిన లతలు, జాలీలు. అది పీవోపీ కాదు, సున్నం. పాతకాలం సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కలిపి రోజుల తరబడి ఊరనిచ్చేవారు. సున్నపు పూత గోడలోని చెమ్మను బయటికి వదులుతుంది. ఇప్పటి ప్లాస్టిక్ రంగులు దాన్ని లోపలే బంధిస్తాయి, సముద్రపు గాలి గారి మంచం మీద పడింది అదే.

నేరుగీత
జూన్ 11, రాత్రి 10:10

నాకు ఒక సందేహం, కోపం తెచ్చుకోవద్దు. ఈ పెట్టెలు యూరప్ మేడల్లోవి. అక్కడ 14 అడుగుల ఎత్తు గదులకు పుట్టిన అలంకారం. తొమ్మిదిన్నర అడుగుల ఫ్లాటులో, ఫ్యాను కింద, టీవీ ఎదురుగా ఇవెందుకు? పైగా ప్రతి పట్టీ పైఅంచు మీదా దుమ్ము. మా ఇంట్లో ఉన్నాయి, వారానికోసారి 24 అంచులు నేనే తుడుస్తాను. మా ఆవిడ ఎంచుకుంది, నేను తుడుస్తున్నాను.

వంటింటి కిటికీ
జూన్ 11, రాత్రి 10:25

అయితే ఆమె చాలా తెలివైనదే.

ఉలిదెబ్బ
జూన్ 12, ఉదయం 6:00

నేరుగీత గారి మాటలో నిజముంది. అందుకే తక్కువ ఎత్తు గదిలో పట్టీ సన్నగా ఉండాలి, అంగుళం దాటకూడదు, గోడ రంగే పట్టీకీ వేయాలి. నీడ మాత్రమే కనిపించాలి. తెల్ల పట్టీ, ముదురు గోడ వేస్తే గది ఇంకా పొట్టిగా కనిపిస్తుంది. దుమ్ముకు మందు, పైఅంచు వాలుగా ఉన్న పట్టీ ఎంచుకోవడం. అంగడిలో పట్టీని నిలువుగా పట్టుకుని పైఅంచు మీద శనగగింజ పెట్టి చూడండి. నిలిచిందంటే దుమ్మూ నిలుస్తుంది.

ప్రవాసి
జూన్ 12, ఉదయం 8:40

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ మా ఇల్లు 1920ల నాటిది, ప్రతి గదికీ చెక్క స్కర్టింగ్, కిటికీల చుట్టూ వెడల్పాటి పట్టీలు. ఇక్కడి గోడలు జిప్సం పలకలు, వాటి వెనుక 16 అంగుళాలకొకటి నిలువు చెక్క ఉంటుంది, మేకు దానికి తగిలితే చాలు. మన ఇటుక గోడలకు ఆ సుఖం లేదు, కాబట్టి ఇక్కడి వీడియోలు చూసి మేకుల తుపాకీ కొనకండి. మొదటిసారి క్రౌన్ మోల్డింగు (సీలింగ్ అంచున వేసే పట్టీ) కోసినప్పుడు నేను నాలుగు ముక్కలు పాడుచేశాను. రంపం బల్ల మీద దాన్ని తలకిందులుగా పెట్టి కోయాలి, ఆ సంగతి ఐదో ముక్క దగ్గర అర్థమైంది.

నేను రాసింది అసలు దీనికోసం కాదు. ఆ పలక మీది పాత ఆకుపచ్చ రంగును పొడిగా గీకించకండి, మిషను పెట్టి రుద్దించకండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉంటుంది. అమెరికాలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. మా ఇంటి పట్టీలు గీకేముందు పరీక్ష చేయిస్తే ప్రతి కిటికీకీ సీసం తేలింది. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. మీ పలక మీది పొరలు అంతకంటే ఎంతో పాతవి. ఇంట్లో పిల్లలుంటే ఆ దుమ్ము చాలా ప్రమాదం.

పెరటి జామ
జూన్ 12, ఉదయం 9:05

ఇంట్లో నాలుగేళ్ళ మనవరాలు ఉంది. వడ్రంగి రేపు బాల్కనీలో మిషను పెట్టి రుద్దేస్తానన్నాడు! ఇప్పుడే ఫోను చేసి ఆపాను. మరి ఎలా తీయాలి?

ఉలిదెబ్బ
జూన్ 12, మధ్యాహ్నం 1:30

ప్రవాసి గారికి దండం. నాకూ ఆ జాగ్రత్త ఆలస్యంగానే అలవడింది. రంగు కరిగించే జెల్ రంగుల అంగట్లో దొరుకుతుంది. డాబా మీద, గాలి ఆడే చోట, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని పూయాలి. పొర మెత్తబడ్డాక వెదురు పుల్లతోనో పాత టూత్ బ్రష్షుతోనో తడిగానే తీయాలి. ఇనుప గీకుడు పెడితే లక్ష్మీదేవి ముక్కు కూడా చిలక ముక్కు దారే పడుతుంది. ఊడిన రంగంతా తడిగానే సంచిలో మూట కట్టండి, ఊడ్చకండి. వేడిగాలి మిషను అసలు వద్దు.

ఇంకొకటి. పలక వెనుక వైపు అంచులు చూడండి. సన్నని పిండి రాలుతోందా? టేకు చేవను పురుగు సాధారణంగా ముట్టదు, అంచున తెల్లచెక్క మిగిలి ఉంటే దాన్ని తింటుంది. బెజ్జాలుంటే సిరంజితో పురుగు మందు ఎక్కించి, రెండు వారాలు నల్ల కాగితం మీద ఉంచండి. కొత్త పిండి రాలకపోతే మందు పనిచేసిందనుకోవచ్చు.

దిక్సూచి
జూన్ 12, సాయంత్రం 5:00

అసలు పాత ఇంటి ద్వారం చెక్క కొత్త ఇంటికి పెట్టకూడదు. శాస్త్రం ఒప్పుకోదు. మా ఊళ్ళో ఒకరు పెట్టి...

మూడో అంతస్తు
జూన్ 12, సాయంత్రం 5:04

మొదలైంది.

వేదిక నిర్వాహకులు
జూన్ 12, సాయంత్రం 7:30

వాస్తు మీద వచ్చిన 31 వ్యాఖ్యలను వాస్తు విభాగానికి తరలించాం. ఇక్కడ కొలతలు, జిగురులు, చెక్క, సున్నం మాత్రమే.

సముద్రపు గాలి
జూన్ 13, ఉదయం 10:15

పలక బరువు ఎంత ఉంటుంది? తలుపు పైన, వచ్చేపోయేవాళ్ళ నెత్తి మీద కదా. జిగురుతో అంటించే ఆలోచన ఎవరికైనా ఉంటే నా మంచం కథ మళ్ళీ చెబుతాను.

లెక్కల పంతులు
జూన్ 13, ఉదయం 10:40

50 × 10 × 1.5 అంటే 750 ఘనపు అంగుళాలు. టేకు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు. ఎనిమిది కిలోలు. నగిషీలో చెక్కేసినది పోతే కొంచెం తక్కువ. ఈసారి రంపం వాటా లేదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఉలిదెబ్బ
జూన్ 13, రాత్రి 9:00

జిగురు మాటే లేదు. బరువు గోడే మోయాలి. ముందుకు పడకుండా పట్టూ కావాలి. వాలుగా కోసిన చెక్క బద్దీలు రెండు తీసుకోండి. ఒకటి గోడకు, ఒకటి పలక వెనుక. గోడ బద్దీ వాలు పైకి చూడాలి, పలక బద్దీ దాని మీదికి దిగి కొక్కెంలా కూర్చుంటుంది. తలుపు పైన కాంక్రీటు లింటెల్ ఉంటుంది, అందులో నాలుగు చోట్ల ప్లగ్గులు వేసి మూడంగుళాల స్క్రూలు. డ్రిల్లు లోపలి ఇనుప కడ్డీకి తగిలితే బలవంతం చేయకుండా అంగుళం పక్కకు జరపండి. నగిషీ ముఖంలో ఒక్క బెజ్జం కూడా వేయనవసరం లేదు. బద్దీల మందం ముప్పాతిక అంగుళం పెట్టండి, నిలువు పట్టీల మందం కూడా అంతే. పలక వాటి కంటే కొంచెం ముందుకు వచ్చి చూరులా నీడ పడుతుంది.

పెరటి జామ
సెప్టెంబరు 21, రాత్రి 8:15

ఇన్నాళ్ళూ రాయనందుకు మన్నించండి. పని అయింది. ఫొటోలు పెట్టాను.

గోడ ముందు. వేలితో తట్టి చూస్తే రెండు చోట్ల బోలు, గీకించి లప్పం పెట్టించాం. శనగగింజ పరీక్ష అంగట్లో చేస్తే అబ్బాయి నన్ను వింతగా చూశాడు. నాలుగు రకాల పట్టీలు ఓడిపోయాయి, ఐదోది తీసుకున్నాను. మేస్త్రీ నీళ్ళ గొట్టంతో మట్టం చూస్తే మా ఫాల్స్ సీలింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి ఐదు సూతులు కిందికి దిగిందని తేలింది. పై పట్టీ సీలింగ్‌ను అనుసరించాలా, మట్టాన్ని అనుసరించాలా అని పూటంతా వాదన. చివరికి మట్టమే గెలిచింది. పైన 6 బదులు 8 అంగుళాలు వదిలి పెట్టెను 60కి తగ్గించాం. సందు పెద్దది కావడంతో వాలు కంటికి తెలియడం లేదు. పట్టీలు పదిహేను వాడారు, ఒకటి మిగిలింది. రంగు గోడదీ పట్టీదీ ఒకటే, లేత గంధం.

పలక శుభ్రం చేయడానికి పదకొండు రోజులు పట్టింది. నేనే చేశాను, డాబా మీద, మనవరాలు బడికి వెళ్ళాక. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద కాషాయం, అన్నిటికంటే లోపల ఏ రంగూ లేని చెక్క. గజలక్ష్మి ఏనుగుల తొండాల్లో కుండలు ఉన్నాయని నాకు ఇన్నేళ్ళూ తెలియదు, రంగులో పూడిపోయాయి. కుండల మీద గింజంత పువ్వులు. చిలక ముక్కు అలాగే ఉంచాను. చెక్కిస్తానని వడ్రంగి అడిగాడు. మా మేనమామ వచ్చినప్పుడు చూడాలి కదా.

వెనుక వైపు ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి: ‘తూర్పు’. అప్పట్లో ఏ వైపు ద్వారానిదో వడ్రంగి గుర్తు పెట్టుకున్నట్టుంది. మా ఫ్లాటు ద్వారం ఉత్తరం. దిక్సూచి గారికి ఎవరూ చెప్పకండి.

సంఘం వాళ్ళు వచ్చి చూశారు. బెల్ జరిపినందుకు ఏమీ అనలేదు కానీ, నిలువు పట్టీలు తమ తలుపులకూ వేయడానికి ఎంత అవుతుందని ఇద్దరు అడిగారు.

ఉలిదెబ్బ
సెప్టెంబరు 22, ఉదయం 6:10

ఫొటో జూమ్ చేసి చూశాను. మెట్టు నీడ సరిగ్గా పడింది. గ్రానైట్ ముక్కకూ పట్టీకీ మధ్య గీత కొంచెం లావుగా ఉంది, సిలికాన్ తక్కువ పెట్టి ఉండాల్సింది, పరవాలేదు. ఒకటే అడుగుతున్నాను, పలక వెనుక వైపు కూడా పాలిష్ వేశారా? ముందు ఒక్కటే పూసి వెనుక వదిలేస్తే, చెమ్మ వెనుక నుంచి ఎక్కి పలక గిన్నెలా వంగుతుంది.

పెరటి జామ
సెప్టెంబరు 22, ఉదయం 6:40

రెండు వైపులా వేశాం. ఆ అక్షరాల మీద కూడా.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. దసరాకు మామిడి తోరణం కట్టాలి. పాత ద్వారబంధానికి ఉన్న రెండు మేకులు కొత్త పట్టీ కిందికి పోయాయి. ఈ టేకు మీద మళ్ళీ మేకు కొట్టాలంటే చేయి రావడం లేదు.

వంటింటి కిటికీ
సెప్టెంబరు 22, ఉదయం 7:15

పలక పైఅంచు వెనుక, గోడ బద్దీకి రెండు ఇత్తడి కొక్కేలు బిగించి దారం వేలాడదీయమ్మా. ఆకులు చిలకల మీద పడకుండా మధ్యలో వదులుగా కట్టు. మేకు పలకకు తగలదు, ఎవరికీ కనిపించదు.

ఉలిదెబ్బ
సెప్టెంబరు 22, ఉదయం 7:20

కొక్కెం స్క్రూ ఇత్తడిదే తీసుకోండి. ఇనుముదైతే తడి మామిడాకుల దారం వెంబడి తుప్పు నీళ్ళు టేకు మీదికి దిగి నల్ల చార పడుతుంది.